రాళ్ల ఒడ్డు మీద ఏ ప్రాణి ఎక్కడ, ఎంత? మీరే లెక్క కట్టండిలా

విశాఖలో తెన్నేటి పార్కు కిందికి దిగి రాళ్ల మీదకి వెళ్లేవాళ్లు మామూలుగా రెండు పనులు చేస్తారు. ఫొటో దిగుతారు, జారి పడతారు. నేను రెండూ చేశాకే అక్కడ చేయదగ్గ ఇంకో పని కనిపించింది.

సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు ఒక పెద్ద బండని పై నుంచి కిందికి తీరిగ్గా చూడండి. అన్నిటికన్నా పైన, పగుళ్లలో గోధుమగింజంత నత్తలు గుంపుగా నక్కి ఉంటాయి. కాస్త కిందికి వస్తే రాయి తెల్లగా, అరచేతికి గీరుకునేంత గరుకుగా మారుతుంది. ఆ గరుకంతా బార్నకిల్స్ అనే, రాతికి అతుక్కుని బతికే గుల్ల ప్రాణులు. ఒక్కోటీ చిన్న అగ్నిపర్వతం బొమ్మలా ఉంటుంది. వాటి మధ్య టోపీ బోర్లించినట్టు రాతికి అతుక్కున్న లింపెట్లు అనే నత్తలు. ఇంకా కిందికి ఆయిస్టర్లు, ఆలిచిప్పలు, పచ్చటి ఉల్వా నాచు. చివరికి అల తాకే చోట ఎర్ర నాచు, సర్గాసం అనే గోధుమరంగు నాచు, గుంటల్లో ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు. చీరకి అంచులు వేసినట్టు పట్టీలు పట్టీలుగా ఉంటుంది వ్యవహారం.

ఏ ప్రాణి ఎంత ఎత్తులో మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, చదరపు మీటరుకి ఎన్ని ఉంటాయి? ఇవి తెలుసుకోవడానికి జువాలజీ డిగ్రీ అక్కర్లేదు. ఒక తోడు మనిషి, కాస్త సామాను, కాస్త మొండితనం చాలు. నేను విశాఖనే ఉదాహరణగా చెబుతాను. కైలాసగిరి కింద, జోడుగుళ్లపాలెం దగ్గర, రుషికొండ పక్కన, యారాడ వైపు, భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర రాళ్లు దొరుకుతాయి. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రం దాకా వచ్చేశాయి కాబట్టి ఆ ఖోండలైట్ రాయే ఒడ్డున కూడా ఉంది. అది పగుళ్లు పడుతూ, గుంటలు తేలుతూ అరుగుతుంది. ప్రాణులకి కావలసింది అదే.

ముందు తిథి చూడండి

అమావాస్యకీ పున్నమికీ పెద్ద పోటు వస్తుందని ఒడ్డున ఎవరినడిగినా చెబుతారు. పోటు పెద్దదైన రోజే ఆటు కూడా పెద్దది. నీళ్లు ఎక్కువగా వెనక్కి పోయేది అప్పుడే. అసలు పెద్ద ఆటు తరచుగా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, అంటే పాడ్యమి, విదియల్లో వస్తుంది. అష్టమి చుట్టుపక్కల వెళితే సగం ఒడ్డు నీళ్లలోనే ఉంటుంది, దండగ.

తిథి అందాజాకి మాత్రమే. సమయానికి టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల వేళలూ ఎత్తులూ ఉండే పట్టిక, చూడాల్సిందే. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పుస్తకంగా వేస్తుంది, ఫోన్ యాప్‌లలో కూడా దొరుకుతుంది. విశాఖలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఆటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. టేబుల్‌లో ఆటు ఎత్తు 0.3 మీటరు లేదా అంతకన్నా తక్కువ ఉన్న రోజు, అదీ పగటి వేళ పడేది ఎంచుకోండి.

నెల కూడా ముఖ్యమే. మన తీరంలో సముద్ర మట్టం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి, మార్చిలో తక్కువగా, అక్టోబరు, నవంబరులో ఎక్కువగా ఉంటుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రం అడుగులు వేస్తున్న కాలం నుంచీ ఇక్కడివాళ్లు దీన్ని గమనిస్తూనే ఉన్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లు మార్చి పాడ్యమి పెట్టుకుంటే, నవంబరులో ఎంత పెద్ద ఆటుకైనా బయటపడని కింది పట్టీ కూడా చూడొచ్చు.

ఆ రోజు పొద్దున హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే అలల హెచ్చరిక చూడండి. పెద్ద అలలని ఉంటే మానేయండి. టైడ్ టేబుల్‌కి అలల సంగతి తెలీదు.

సామాను

30 మీటర్ల ఫైబర్ టేపు. హార్డ్‌వేర్ షాపులో అర అంగుళం పీవీసీ పైపు, నాలుగు ఎల్బోలు. లోపలి కొలత సరిగ్గా 50 సెం.మీ. వచ్చేలా చదరపు చట్రం చేయించుకోండి. ప్రతి భుజానికీ 10 సెం.మీ.కి ఒక బెజ్జం వేసి అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు నైలాన్ దారాలు లాగండి. 25 గళ్లు వస్తాయి, ఒక్కో గడి 4 శాతం. దీన్ని క్వాడ్రాట్ అంటారు, నేను చట్రం అనే అంటాను.

తర్వాత మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక నీళ్ల పైపు, పది మీటర్లది. ఇది ఎందుకో కింద చెబుతాను, ఈ పని మొత్తంలో దీన్ని మించిన పరికరం లేదు. రాయడానికి పెన్సిల్. నేను మొదటిసారి జెల్ పెన్ పట్టుకెళ్లాను. ఒక్క తుంపర పడేసరికి రెండు గంటల లెక్క నీలి మరకైపోయింది. తెల్ల ప్లాస్టిక్ షీటుని గరుకు కాగితంతో రుద్ది పెన్సిల్‌తో రాస్తే తడిసినా చెదరదు. కాళ్లకి పాత కాన్వాస్ షూ. చెప్పులతో బార్నకిల్స్ మీద పడితే మోకాలు కొబ్బరి కోరు అవుతుంది.

అక్కడికి వెళ్లాక

ఆటు సమయానికి గంటన్నర ముందే చేరుకోండి. దిగకుండా పది నిమిషాలు అలల్ని చూడండి. మామూలు అల ఎక్కడిదాకా వస్తోంది, నాలుగైదు నిమిషాలకోసారి వచ్చే పెద్ద అల ఎక్కడిదాకా వస్తోంది? తడిసి నల్లగా మెరుస్తున్న రాయి దాకా పెద్ద అల వస్తున్నట్టే లెక్క. సముద్రానికి వీపు పెట్టి కూర్చోవద్దు. ఒకరు లెక్కపెడుతుంటే ఇంకొకరు సముద్రం వైపే చూస్తూ రాసుకోవాలి. ఒంటరిగా అస్సలు వద్దు.

చేతులు ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. శంకువు ఆకారంలో, అందమైన గీతలతో ఉండే కోన్ నత్త కనిపిస్తే తీయొద్దు, దాని ముల్లులో విషం ఉంటుంది. రాతి మీద రబ్బరు చాపలా పరుచుకున్న జోయాంథిడ్స్‌ని గీకొద్దు, వాటిలో కొన్ని రకాలు విషపూరితం. చిన్న పుండున్న చేతితో అసలు తాకొద్దు.

దూరం కాదు, ఎత్తు

కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇక్కడే. టేపుని ఒడ్డు నుంచి నీళ్లదాకా పరిచి "5 మీటర్ల దగ్గర ఇన్ని, 10 మీటర్ల దగ్గర ఇన్ని" అని రాసుకుంటారు. పక్క బండ వాలు వేరు. అక్కడ 5 మీటర్లు అంటే ఎత్తు ఇంకోటి. రెండు లెక్కలనీ పోల్చలేరు.

ప్రాణికి టేపు పట్టదు. రోజుకి ఎన్ని గంటలు నీళ్లలో ఉంటుంది, ఎన్ని గంటలు ఎండలో ఉంటుంది అన్నదే దానికి పట్టింపు. దాన్ని తేల్చేది ఎత్తు. పైగా విశాఖలో పెద్ద ఆటుపోట్ల రోజున కూడా తేడా ఒకటిన్నర మీటరు లోపే. గుజరాత్‌లో భావనగర్ దగ్గర ఇది పది మీటర్ల దాకా ఉంటుంది, అక్కడ అర మీటరు అటూ ఇటూ అయినా చెల్లుతుంది. మన దగ్గర మొత్తం ప్రపంచం మనిషి భుజం ఎత్తులో ఇమిడిపోయింది. 20 సెం.మీ. తేడా వస్తే ఇంకో పట్టీలోకి వెళ్లిపోయినట్టే.

అందుకే నీళ్ల పైపు. బుడగలు లేకుండా నీళ్లు నింపండి. ఒక చివర పైన ఒక స్థిరమైన గుర్తు దగ్గర పట్టుకోండి. మెట్టు మూలో, కదలని బండ మీద పెద్ద పగులో, ఏదైనా సరే, పదేళ్లకైనా అక్కడే ఉండేది కావాలి. రెండో చివర కింద, మీరు కొలవాలనుకున్న చోట. రెండు చివరలా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ నీటి మట్టం నుంచి రాయి దాకా రెండు చోట్లా స్కేలు పెట్టండి. పైన 40 సెం.మీ., కింద 125 సెం.మీ. వచ్చాయనుకోండి, కింది చోటు గుర్తుకన్నా 85 సెం.మీ. పల్లంలో ఉంది.

ఇక గుర్తు ఎత్తెంతో తేల్చాలి. సరిగ్గా ఆటు సమయానికి నీటి అంచు గుర్తుకి ఎంత కింద ఉందో కొలవండి. అలలకి అంచు ఊగుతుంది కాబట్టి నాలుగైదు అలల సగటు తీయండి. టేబుల్‌లో ఆటు 0.3 మీ. ఉండి, అంచు గుర్తుకి 1.9 మీ. కింద ఉంటే, గుర్తు ఎత్తు 2.2 మీ. గాలిని బట్టి, గాలి పీడనాన్ని బట్టి నీరు టేబుల్ చెప్పిన దానికన్నా కాస్త ఎక్కువ తక్కువలుంటుంది. కనుక వేరే రోజుల్లో ఇంకో రెండుసార్లు తీసి సగటు వేసుకోండి. ఒకసారి తేలాక ఇక నీళ్లతో పని లేదు, ఎప్పుడు వెళ్లినా గుర్తు నుంచే కొలవడం.

చట్రం ఎక్కడ పెట్టాలి

టేబుల్ కొలతలోనే ఐదు ఎత్తులు ఎంచుకోండి: 2.0, 1.6, 1.2, 0.8, 0.4 మీటర్లు. పోటు కూడా చేరని, తుంపర మాత్రమే పడే చోటు మొదటిది. ప్రతి ఎత్తులోనూ ఒడ్డుకి సమాంతరంగా 20 మీటర్ల టేపు పరిచి ఐదు చోట్ల చట్రం పెట్టాలి.

ఏ ఐదు చోట్లు? మీ కంటికి నచ్చినవి మాత్రం కాదు. నా మొదటి లెక్కల్లో చదరపు మీటరుకి లింపెట్లు బ్రహ్మాండంగా వచ్చాయి. తర్వాత ఫొటోలు చూసుకుంటే, ప్రతి చట్రమూ లింపెట్లు కనిపించిన చోటే పెట్టానని అర్థమైంది. నేను కొలిచింది ఒడ్డుని కాదు, నా ఇష్టాన్ని.

కాబట్టి ఇంట్లో హౌసీ డబ్బా ఉంటే 1 నుంచి 20 దాకా బిళ్లలు జేబులో వేసుకెళ్లండి. ప్రతి ఎత్తులో ఐదు బిళ్లలు తీయండి. 7 వస్తే టేపు మీద 7 మీటర్ల దగ్గర చట్రం. అక్కడ బోడి రాయి ఉన్నా సరే, అక్కడే. సున్నా వస్తే సున్నా రాయండి. ఖాళీగా వదిలేస్తే తర్వాత "చూడలేదా, లేవా" అన్నది మీకే తెలీదు.

నీటి గుంట వస్తే ఏం చేయాలి? గుంటలో ప్రాణి ఆటు సమయంలో కూడా తడిగానే ఉంటుంది, దాని లోకం వేరు. బిళ్ల గుంట మీద పడితే ఇంకో బిళ్ల తీసి, గుంటల్ని వేరే పేజీలో విడిగా రాసుకోండి.

వరుస ముఖ్యం. చేరగానే 0.8తో మొదలుపెట్టి, ఆటు సమయానికి 0.4 పూర్తి చేయండి. నీళ్లు తిరిగి ఎక్కుతుంటే మీరూ 1.2, 1.6, 2.0 అని పైకి ఎక్కండి. పైవి ఎక్కడికీ పోవు, పొడిగానే ఉంటాయి. మొత్తం 25 చట్రాలు మొదటిరోజు కావు, మూడు ఎత్తులతో పదిహేను చేసినా మేలే.

లెక్కపెట్టడం

చట్రం పెట్టేముందే పారిపోయేవాటిని రాసుకోండి. రాతి పీతలు, బొద్దింకల్లా పరిగెత్తే లిజియాలు మీ నీడ పడగానే మాయం. తర్వాత చట్రం పెట్టి, నిట్టనిలువుగా పై నుంచి ఒక ఫొటో. చట్రం నంబరు, ఎత్తు రాసిన చీటీ ఫొటోలో పడాలి.

కదిలేవాటినీ విడివిడిగా కనిపించేవాటినీ (నత్తలు, లింపెట్లు, సన్యాసి పీతలు, అర్చిన్లు) ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. అంచు మీద సగం లోపల, సగం బయట ఉన్నదాన్ని ఏం చేయాలని ప్రతిసారీ గొడవే. పై అంచు, ఎడమ అంచు తాకేవి లెక్కలోకి; కింది అంచు, కుడి అంచు తాకేవి బయటికి. ఈ నియమం పెట్టుకున్నాక మా ఇద్దరి మధ్య టెన్షన్ తగ్గింది.

బార్నకిల్స్ అన్నీ లెక్కపెట్టాలంటే పోటు వచ్చి తీసుకెళ్లిపోతుంది. 25 గళ్లలో మూడు గళ్లు చీటీ తీసి వాటిలోనే లెక్కపెట్టండి. 41, 28, 36 వచ్చాయనుకోండి. సగటు 35. గడి అంటే చదరపు మీటరులో వందో వంతు, కాబట్టి చదరపు మీటరుకి 3,500. ఖాళీ గుల్లలు కాకుండా, మూత ఉన్న బతికినవాటినే లెక్కించండి. చచ్చినవాటిని పక్కన విడిగా రాస్తే ఇంకా మంచిది.

నాచుకి లెక్క ఉండదు, పరపు ఉంటుంది. ఉల్వా 9 గళ్లు పూర్తిగా, 4 గళ్లు సగం కప్పితే మొత్తం 11 గళ్లు, అంటే 44 శాతం. ముందు పైన పరిచిన నాచుని కొలిచి, దాన్ని పక్కకి తీసి కింద ఏముందో మళ్లీ కొలవండి. మొత్తం 100 దాటినా తప్పు లేదు.

పేర్ల గురించి భయపడొద్దు. "నల్ల చిన్న నత్త, మెడ కింద తెల్ల గీత" అని రాసుకుని ఫొటో తీసి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. ముఖ్యం ఏంటంటే ఈ రోజు "రకం-అ" అన్నది వచ్చే నెల కూడా "రకం-అ" గానే ఉండాలి. విశాఖలో ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ వాళ్లు టైడ్‌పూల్ వాక్‌లు నడుపుతుంటారు. ఒక్కసారి వాళ్లతో తిరిగితే సగం పేర్లు నోటికి వస్తాయి.

రాయి ఎత్తి చూస్తే, ఉన్నట్టే తిరిగి పెట్టండి. అడుగు భాగంలో ఉండేవి ఎండకి గంటలో చస్తాయి. ఏదీ ఇంటికి తేవొద్దు. పగడాలు, సముద్ర దోసకాయలు లాంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి కూడా.

ఇంటికొచ్చాక

చట్రం పావు చదరపు మీటరు కాబట్టి సగటుని 4తో గుణిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది. అయితే సగటు దగ్గరే ఆగకండి. లింపెట్లు ఐదు చట్రాల్లో 5, 7, 4, 6, 8 వచ్చాయనుకుందాం. సగటు 6, చదరపు మీటరుకి 24. ఇది నమ్మదగ్గ అంకె. పై పట్టీలో చిన్న నత్తలు 0, 0, 3, 0, 112 వచ్చాయనుకుందాం. సగటు 23. కానీ ఆ ఒడ్డున 23 నత్తలున్న చట్రం ఒక్కటీ లేదు. వాటిది గుంపు కాపురం. నీడా తడీ ఉన్న పగులు దొరికితే వందల్లో, లేకపోతే సున్నా. అందుకని సగటుతో పాటు ఐదు అంకెలూ పక్కనే రాసి ఉంచండి.

బొమ్మ గీయడానికి గ్రాఫు కాగితం మీద నిలువు గీత గీసి దాని మీద ఎత్తులు గుర్తుపెట్టండి. ప్రతి ఎత్తు దగ్గరా లెక్కకి తగ్గట్టు గీతకి రెండు పక్కలా సమానంగా వెడల్పు గుర్తించి, ఆ చుక్కలు కలపండి. నడుము లావుగా, కొసలు సన్నగా పొడుగాటి గాలిపటంలా వస్తుంది. ఒక్కో ప్రాణికి ఒక్కో గాలిపటం, పక్కపక్కన. ఒడ్డున కంటికి కనిపించిన పట్టీలు కాగితం మీద తేలిపోతాయి.

ఆ గాలిపటాల కొసల్నే చూడండి. పై కొసని చాలాసార్లు నిర్ణయించేది ఎండ. అంతకన్నా పైకి వెళితే ఎండిపోతాయి. కింది కొసని నిర్ణయించేది చాలాసార్లు ఇరుగుపొరుగు. స్కాట్లండ్‌లో కంబ్రే దీవి ఒడ్డున జోసెఫ్ కానెల్ అనే జీవావరణ శాస్త్రవేత్త బార్నకిల్స్ ఉన్న రాళ్లని కింది మట్టానికి మార్చి చూశాడు, 1961లో ప్రచురించాడు. పై పట్టీలో ఉండే ఖ్థమాలస్ అనే బార్నకిల్ కింద కూడా హాయిగా బతకగలదు. పక్కనున్న బాలనస్ అనే ఇంకో రకం బార్నకిల్ దాని కిందికి దూరి, ఎత్తి, నలిపేయడం వల్లే అక్కడ లేదు. బాలనస్‌ని తీసేసిన చోట ఖ్థమాలస్ నిలబడింది. మన రాళ్ల పై పట్టీల్లో ఉండేవాటిలో ఖ్థమాలస్ జాతులూ ఉన్నాయి. అయితే మన ఎండ స్కాట్లండ్ ఎండ కాదు, కాబట్టి ఆ కథని యథాతథంగా ఇక్కడ అతికించకండి. మీ గాలిపటం ఏం చెబుతోందో చూడండి. అల బలంగా కొట్టే వైపు తుంపర ఎత్తుకి చేరుతుంది కాబట్టి అదే ప్రాణి పైకి పాకి ఉంటుంది. చాటున ఉన్న వైపు కిందికి దిగి ఉంటుంది. ఒకే బండకి రెండు వైపులా ఐదేసి చట్రాలు పెడితే ఈ తేడా పట్టుకోవచ్చు.

రెండోసారి అక్టోబరు చివర్లోనో, నవంబరులోనో వెళ్లండి. అప్పటికి మట్టం పెరిగి ఉంటుంది. ఉత్తరం నుంచి దిగే ప్రవాహంతో నదుల వరద నీళ్లు కలిసి పైనీటిలో ఉప్పు తగ్గి ఉంటుంది. కొన్ని చోట్ల ఇసుక కింది రాళ్లని పూడ్చేసి కూడా ఉండొచ్చు. 0.4 ఎత్తు అసలు దొరక్కపోవచ్చు. అప్పుడు "లేవు" అని కాదు, "చూడలేకపోయాం" అని రాయండి. మిగతా ఎత్తులు మాత్రం పైపుతో, ఆ పాత గుర్తు నుంచే కొలవండి. నీటి అంచు నుంచి కొలిస్తే ప్రాణులన్నీ కిందికి దిగినట్టు కనిపిస్తుంది. దిగింది అవి కాదు, పైకి వచ్చింది నీళ్లు.

ఇంటికి రాగానే టేపు, చట్రం మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఫైబర్ టేపు బదులు స్టీలుది తీసుకెళ్లి ఉంటే, అది ఇంక గోడలు కొలవడానికి కూడా పనికిరాదు.